పనిచోటి గాలికి జవాబుదారీ ఎవరు?

ప్రెస్సు కింద పడి వేలు నలిగితే అది పనిలో జరిగిన ప్రమాదం. కార్మికుడు ఏమరుపాటుగా ఉన్నాడా, నిద్రమత్తులో ఉన్నాడా అని ఎంత వాదించినా, మిషనుకు గార్డు ఎందుకు లేదన్న ప్రశ్నకు యజమాని జవాబు చెప్పి తీరాలి. అదే షెడ్డులో, అదే షిఫ్టులో, పక్కవాడు దగ్గిన గాలి పీల్చి ఊపిరితిత్తులు పాడైతే మాత్రం అది కార్మికుడి సొంత గొడవ. ఇంటికెళ్లి మందు వేసుకోవాలి, తగ్గాక రావాలి, రాని రోజులకు జీతం వదులుకోవాలి. అంబత్తూరు ఎస్టేట్‌లో పదిమందితో నడిచే వర్క్‌షాపు ఓనరు దగ్గర్నుంచి ఓఎంఆర్ అద్దాల మేడల్లో కూర్చునే హెచ్.ఆర్. అధికారుల దాకా చెన్నైలో అందరూ ఈ తేడాను మామూలుగానే తీసుకుంటారు. చదువుకున్నవాళ్లు ఒప్పుకుంటారు, డాక్టర్లలో చాలామంది ఒప్పుకుంటారు, చివరికి నష్టపోయే కార్మికులు కూడా ఒప్పుకుంటారు. గాలిలో వచ్చేదానికి ఎవరేం చేస్తారు? ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు? మాస్కు పెట్టుకుని ఉండాల్సింది. ఒంట్లో శక్తి ఉంటే రాదు కదా. వాదనలన్నీ దాదాపు ఇవే.

ఈ అభిప్రాయం తప్పు, దీనివల్ల మనుషుల ప్రాణాలు పోతున్నాయి. గోడలు ఎక్కడ లేపాలో, కిటికీలు ఉండాలో వద్దో, లోపల ఎంతమందిని ఎన్ని గంటలు ఉంచాలో నిర్ణయించేది యజమాని. ఆ గోడల మధ్య ఉన్న గాలికి కూడా అతనే బాధ్యుడు. పనిచోట గాలి ద్వారా సోకిన జబ్బు పనిలో తగిలిన గాయమే.

ముందుగా, ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరన్న మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది, అందుకే దీన్ని అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. చూడటానికి చెన్నై కన్నా తగిన ఊరు ఇంకోటి లేదు. 1956లో ఇక్కడి చెట్‌పేటలో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టిన కేంద్రం అది. ఇప్పుడు దాని పేరు జాతీయ క్షయ పరిశోధన సంస్థ. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో అక్కడ 193 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టును తాంబరం శానిటోరియంలో చేర్చారు. రెండో జట్టు ఇరుకిరుకు ఇళ్లలోనే ఉండి ఏడాదిపాటు మాత్రలు మింగింది. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లకూ నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, రోగిని ఇంట్లోనే ఉంచినందువల్ల కుటుంబసభ్యులకు క్షయ ఎక్కువగా సోకలేదు. ఆ అధ్యయనం తర్వాత ప్రపంచమంతటా శానిటోరియంలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మన దగ్గర లోకల్ రైలు స్టేషనుకు ఆ పేరు మిగిలింది.

కుటుంబసభ్యులకు ఎందుకు ఎక్కువగా సోకలేదు? జరగాల్సిన నష్టంలో చాలాభాగం మందు మొదలుకాకముందే జరిగిపోయింది. మందు మొదలయ్యాక రోగి త్వరలోనే ఎదుటివాళ్లకు ప్రమాదం కాకుండా పోతాడు. అంటే క్షయ ప్రధానంగా వ్యాపించేది జబ్బు బయటపడక ముందు, తనకు క్షయ ఉందని రోగికే తెలియని నెలల్లో. ఆ నెలల్లో అతనెక్కడుంటాడు? పనిలో ఉంటాడు. ఎనిమిది గంటల షిఫ్టు, ఓవర్‌టైమ్ ఉంటే పన్నెండు గంటలు. దగ్గు వస్తున్నా, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతున్నా పనికి వస్తూనే ఉంటాడు.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో రిచర్డ్ రైలీ, విలియం వెల్స్ అనే పరిశోధకులు ఇంకో ప్రయోగం చేస్తున్నారు. క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైన గదిలో ఉన్న గినీ పందుల బోనుల్లోకి పంపారు. ఆ జంతువులు రోగుల దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు, వాటికి అందింది గాలి మాత్రమే. వాటికి క్షయ సోకింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాల గుండా పంపి ఇంకో గుంపుకు అందిస్తే వాటికి సోకలేదు. మద్రాసు ప్రయోగం ఎప్పుడు సోకుతుందో చెప్పింది. బాల్టిమోర్ ప్రయోగం దేని ద్వారా సోకుతుందో, దాన్ని ఎలా ఆపవచ్చో చెప్పింది. ఎవరికి జబ్బు ఉందో తెలియని దశలో మనిషిని వెతికి పట్టుకుని ఆపలేం. గాలిని మాత్రం శుభ్రం చేయగలం. ఈ రెండు నిజాలూ అరవై ఏళ్లకు పైగా మన చేతిలో ఉన్నాయి.

క్షయ ఇంట్లోనే అంటుకుంటుందని వాదించేవాళ్లకు ఇంకో ఆధారం చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర, క్షయ విపరీతంగా ఉన్న ప్రాంతంలో, రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుముద్రలను పోల్చి చూశారు. ఇంట్లోవాళ్ల నుంచి వచ్చినవి సుమారు అయిదో వంతేనని 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం తేల్చింది. మిగతావన్నీ ఇంటి బయట అంటుకున్నవే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న దేశం మనది. మన ఇళ్లు ఇరుకన్న మాట నిజమే. కానీ మేలుకుని ఉన్న సమయంలో సగానికి పైగా గడిచేది ఇంటి బయటే కదా, అక్కడి పనిగదుల ఇరుకును ఎవరు కొలిచారు?

కోవిడ్ కాలంలో ఇదే పాఠాన్ని మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది, చాలా ఖరీదుకు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు అది సరికాదంటూ బహిరంగ లేఖ రాశారు. ఆ సంస్థ తన మాటను పూర్తిగా మార్చుకునేసరికి ఏడాది దాటింది. ఆ రోజుల్లో అక్కడ ముఖ్య శాస్త్రవేత్తగా ఉన్న సౌమ్యా స్వామినాథన్ అంతకుముందు మన చెట్‌పేట క్షయ సంస్థకే డైరెక్టరు. 2022లో పదవి వదిలేటప్పుడు, గాలి ద్వారా వ్యాపిస్తుందని ఎంతో ముందే చెప్పి ఉండాల్సిందని ఆమె బాహాటంగా అన్నారు. అంతటి స్థానంలో ఉన్నవారు ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. కానీ కోవిడ్ మొదటి ఏడాదిలో మన కంపెనీలు ఏం చేశాయో గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు పెట్టారు, చేతిలో శానిటైజర్ పోశారు, నేల మీద పసుపు వృత్తాలు గీశారు, బల్లల మీద మందు చల్లారు. కిటికీల సంగతి ఎవరూ అడగలేదు. తర్వాత కూడా అడగలేదు. పసుపు వృత్తాలు చెరిగిపోయాయి, గదులు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి.

ఆ గదుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. టి.నగర్‌లో ఉస్మాన్ రోడ్డు వైపు ఒక పెద్ద బట్టల దుకాణం, దీపావళికి ముందు వారాలు. ఈశాన్య రుతుపవనాల ముసురు, ఊరంతా జ్వరాలు. మూడో అంతస్తులో పట్టుచీరల విభాగం. కిటికీలు ఉండాల్సిన గోడ పొడుగునా చెక్క పలకలు కొట్టి, వాటిమీద చీరల అరలు అమర్చారు. సీలింగుకు నాలుగు వైపులా ఏసీలు. ఒక మూల మెట్ల పక్కన, తలుపు మూసి ఉండే స్టాకు గది. సేల్స్ పిల్లలు వంతులవారీగా వెళ్లి అట్టపెట్టెల మధ్య నేలమీద కూర్చుని అన్నం తినేది అందులోనే. ఆ గదికి కిటికీ లేదు. ఒకప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యానుకు వదిలిన గుండ్రటి కన్నానికి ప్లాస్టిక్ కవరు కుక్కి టేపు వేశారు, ఏసీ చల్లదనం పోకుండా. మాకు చీరలు చూపించిన అమ్మాయిది సూళ్లూరుపేట. తెలుగు వినగానే ముఖం విప్పారింది, కానీ గొంతు పూడుకుపోయి ఉంది, మాటకు ఒకసారి దగ్గుతోంది.

"జ్వరంగా ఉన్నట్టుంది కదమ్మా, సెలవు పెట్టి పడుకోవచ్చుగా" అన్నాను.

"పెట్టేదానికి లేదన్నా. సీజన్లో ఒక్కరోజు నాగా పెడితే ఈ నెల ఇన్సెంటివ్ మొత్తం పోద్ది. రూములో ఆరుగురం ఉంటాం, నలుగురికి ఇట్నే ఉంది" అంది చీర మడత పెడుతూ.

ఆ అమ్మాయి మాస్కు పెట్టుకోలేదని ఆమెను తప్పుపట్టేవాళ్లు ఉంటారు. గొంతు పోయినా రోజంతా మాట్లాడుతూనే ఉండాల్సిన ఉద్యోగం ఆమెది. తనకు ఎవరివల్ల వచ్చిందో ఆమె చెప్పలేదు, తన నుంచి ఎంతమందికి పోయిందో తెలుసుకోలేదు. ఆ గదిలో గాలి ఎలా తిరుగుతోందో మాత్రం ఎవరైనా చెప్పగలరు. అసలు తిరగడం లేదు.

మన ఊళ్లో ఏసీ మీద ఉన్న భ్రమ సంగతి ఇక్కడే చెప్పాలి. ఏసీ గదిలో గాలి శుభ్రంగా ఉంటుందని చాలామంది నమ్మకం. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి నుంచి గాలి తీసుకోదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని చల్లబరిచి మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. బయట గోడకు వేలాడే పెట్టెకూ లోపలి పెట్టెకూ మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది గ్యాసే, గాలి కాదు. లోపలుండే జల్లెడ ధూళిని ఆపుతుంది, ఊపిరితో వచ్చే సన్నటి తుంపరల కణాలను ఆపలేదు. కాబట్టి ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో ఇరవైమంది నాలుగు గంటలు ఉంటే, ఇరవైమంది ఊపిరీ కలిసి చల్లగా తిరుగుతూ ఉంటుంది.

దీన్ని కొలవడం కష్టం కాదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో సుమారు 420 వంతులు ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 వంతులు. ఒక గదిలో మీటరు 2,500 చూపిస్తే, అక్కడ పీల్చే గాలిలో ఇరవయ్యో వంతు అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చిందని అర్థం. అరచేతిలో పట్టే మీటరు అది. ప్రతి ఆఫీసులో ఉద్యోగి ఎన్ని గంటలకు వచ్చాడో చెప్పే వేలిముద్రల మిషను ఉంది, అతను ఏ గాలి పీలుస్తున్నాడో చెప్పే మీటరు లేదు. మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కనీసం గంటకు అయిదుసార్లు గదిలో గాలి మారాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2023లో సిఫారసు చేసింది. అంకెలు కొత్తవే కావచ్చు, చెన్నైలో కొలిచి చూడటానికి అడ్డం ఏమీ లేదు.

ఇక మాస్కు. నేను మాస్కుకు వ్యతిరేకిని కాను. మంచి ఎన్95 సరిగ్గా బిగిస్తే ప్రాణాలు కాపాడుతుంది, క్షయ వార్డు నర్సుకు అది తప్పనిసరి. కానీ పారిశ్రామిక భద్రత చదివిన ఎవరినైనా అడగండి, మొదట ప్రమాదాన్ని తీసెయ్యాలి, కుదరకపోతే యంత్రాల ద్వారా, నిర్మాణం ద్వారా అడ్డుకోవాలి, ఆ తర్వాత పని పద్ధతి మార్చాలి, ఇవన్నీ చేశాక మిగిలిన ప్రమాదానికే మనిషి ఒంటిమీద రక్షణ తొడగాలి. గాలి విషయంలో ఈ వరుసను తలకిందులు చేసి ఆఖరిదాన్ని మొదటిదిగా, చాలాచోట్ల ఒకేఒక్కదానిగా పెట్టేశారు. పైగా మాస్కు పేరుతో ఇచ్చేది చాలాసార్లు పలచటి గుడ్డ ముక్క. చెన్నై కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికుల్లో తరాల కింద నెల్లూరు వైపు నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మే నెల ఎండలో చెత్తబండి తోస్తుంటే పావుగంటలో చెమటకు మాస్కు తడిసి ముద్దవుతుంది, ఊపిరాడదు, గడ్డం కిందకు లాగేస్తారు. అప్పుడు ఫొటో తీసి, వీళ్లకు జాగ్రత్త లేదని రాస్తారు. ఆరుబయట ఊడ్చే మనిషికి మాస్కు ఎంత అవసరమో ఆలోచించకుండా, వాళ్లు బట్టలు మార్చుకునే, హాజరు వేయించుకునే ఇరుకు గదుల సంగతి పట్టించుకోకుండా, మూతిమీద గుడ్డ ఉందా లేదా అన్నదాన్నే భద్రతగా లెక్కగట్టడం దుర్మార్గం.

చెన్నై ఎండకు కిటికీలు తెరవడం సాధ్యం కాదంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కిటికీ బార్లా తెరిచి పనిచేయమనడం కూడా కార్మికులకు అన్యాయమే, వడదెబ్బ కూడా పనిలో తగిలే గాయమే. కానీ గాలి మార్చడానికి కిటికీ ఒక్కటే దారి కాదు. గదిలోంచి గాలి బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను, బయటి గాలిని వడగట్టి లోపలికి తెచ్చే నాళం, పోయే గాలిలోని చల్లదనాన్ని వచ్చే గాలికి అందించే యంత్రం, సన్నటి కణాలను పట్టే ఫిల్టర్లు, మనుషుల తలల పైన గది ఎగువ భాగంలో మాత్రమే వెలిగే అతినీలలోహిత దీపాలు, ఇవన్నీ బజారులో దొరికేవే. నాలుగైదు ఫిల్టర్లను ఒక ఫ్యానుకు పెట్టెలా కట్టి తక్కువ ఖర్చుతో గాలి శుభ్రం చేసే పద్ధతి కోవిడ్ కాలంలో ప్రపంచమంతా పాకింది. మన ఐటీఐ కుర్రాళ్లు ఒక పూటలో కట్టగలరు. అసలు ఈ ఊరి పాత కట్టడాలు చూడండి. ఎత్తయిన కప్పు, కప్పుకు కాస్త కింద వెంటిలేటర్లు, ఎదురెదురు కిటికీలు, చుట్టూ వరండా. పెరూ రాజధాని లిమాలో ఆసుపత్రి గదుల్ని కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 1950కి ముందు కట్టిన ఎత్తుకప్పుల గదుల్లో కిటికీలు తెరిస్తే గాలి గంటకు 40 సార్లు మారింది. 1970 తర్వాత కట్టినవాటిలో 17 సార్లే. పాత మేస్త్రీలకు తెలిసిన విద్యను మనం చెక్క పలకలు కొట్టి మూసేశాం.

ఖర్చు మాట కూడా వస్తుంది. 1914లో కిల్పాక్‌లో నీటి శుద్ధి కేంద్రం పెట్టినప్పుడూ ఖర్చయింది. అంతకుముందు రెడ్‌హిల్స్ చెరువు నీళ్లు వడగట్టకుండానే ఊళ్లోకి వచ్చేవి. నీళ్లు కాచుకుని తాగని వాళ్లదే తప్పని ఊరుకోకుండా, వచ్చే నీళ్లను శుభ్రం చేయడం నగరం బాధ్యత అని ఒప్పుకున్నారు. కిల్పాక్ నుంచి చెట్‌పేట క్షయ సంస్థ నడిచి వెళ్లేంత దూరం. నీటి విషయంలో ఒప్పుకున్నదాన్ని గాలి విషయంలో ఎందుకు ఒప్పుకోం?

రోగనిరోధక శక్తి వాదన ఇంకా మిగిలింది. తిండి సరిగ్గా ఉంటే క్షయ రాదంటారు. ఇందులో నిజం ఉంది, ఆ నిజాన్ని గట్టిగా నిరూపించిన అధ్యయనం మన దేశంలోనే జరిగింది. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు పౌష్టికాహారం ఇచ్చి చూస్తే ఇంట్లోవాళ్లకు జబ్బు రావడం 39 శాతం తగ్గింది. చెన్నై క్షయ సంస్థ కూడా పాలుపంచుకున్న ఆ ఫలితాలు 2023లో లాన్సెట్‌లో వచ్చాయి. చాలా విలువైన పని అది. కానీ మంచి తిండి పెట్టాక కూడా మిగిలిన 61 శాతం సంగతి? పైగా ఈ వాదన చేసే యజమానుల్లో ఎందరు పౌష్టికాహారం కొనుక్కోగల జీతం ఇస్తున్నారు? మనిషి బక్కగా ఉన్నాడని తెలిసినప్పుడు, అతన్ని పెట్టే గదిలో గాలి ఇంకా శుభ్రంగా ఉండాలి. ఒంట్లో శక్తి లేనివాణ్ణి చెడుగాలిలో కూర్చోబెట్టి, జబ్బు వచ్చాక అతని ఒంటినే తప్పుపట్టడం నాకు అర్థం కాని న్యాయం.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ తాజా గాలి ఆడాలంది. 16వ సెక్షన్ ఒక్కో కార్మికుడికి 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలంది, అదీ నేల నుంచి 4.2 మీటర్ల ఎత్తు వరకే లెక్కించాలంది. డెబ్బై ఏళ్ల కిందటి శాసనకర్తలు ఇరుకును ప్రమాదంగా గుర్తించారు. అయితే ఆ అంకె గది ఎంత పెద్దదో చెబుతుందిగానీ, గాలి ఎన్నిసార్లు మారాలో చెప్పదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఈ అంకెలను కూడా తన పాఠంలోంచి తీసేసి, గాలి, ఇరుకు వంటి విషయాలను ప్రభుత్వం చేసే నియమాలకు వదిలేసింది. ఆ నియమాల్లో గాలి మార్పిడికి అంకె ఉంటుందా లేదా అన్నదాని మీద లక్షలమంది ఊపిరితిత్తులు ఆధారపడి ఉన్నాయి. దాని మీద నేను చూసినంతలో పత్రికల్లో చర్చే లేదు.

ఎక్కడ అంటుకుందో నిరూపించలేమన్న వాదనకు కూడా చట్టంలో ఎప్పుడో జవాబుంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలు మొదటి భాగంలో మొట్టమొదటి అంశమే అంటువ్యాధులు. ఆసుపత్రి పనులు, ప్రయోగశాల పనులు, పశువుల పనులతోపాటు, అంటుకునే ప్రత్యేక ప్రమాదం ఉన్న ఇతర పనులన్నిటినీ అందులో చేర్చారు. అలాంటి పనిలో ఉన్న మనిషికి ఆ జబ్బు వస్తే, కాదని నిరూపణ అయ్యేదాకా అది పనివల్ల వచ్చినట్టే భావించాలని మూడో సెక్షన్ చెప్పింది. నిరూపించే భారం కార్మికుడిది కాదు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ షెడ్యూలు కొనసాగింది. గాలి ఆడని గదిలో వందమందిని పెట్టడం అంటుకునే ప్రత్యేక ప్రమాదం కాకపోతే మరేమిటి? షెడ్యూలులో 'ఇతర పనులు' అన్న ఆ మాటను ఫ్యాక్టరీ షెడ్డుకూ, బట్టల దుకాణానికీ, కాల్ సెంటరుకూ వర్తింపజేయమని ట్రేడ్ యూనియన్ల వకీళ్లు అడగాలి.

2021 మే నెలలో చెన్నై చుట్టుపక్కల కార్మికులు కొంత అడిగారు. రాష్ట్రమంతా లాక్‌డౌన్, ఆసుపత్రుల ముందు అంబులెన్సుల బారులు, కార్ల ఫ్యాక్టరీలకు మాత్రం మినహాయింపు. ఒరగడంలోని రెనో నిస్సాన్ కార్మిక సంఘం మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. లైను మీద మనిషికీ మనిషికీ ఎడం లేదని, ప్రాణాలు పణంగా పెట్టి కార్లు చేయలేమని చెప్పింది. జాగ్రత్తలన్నీ పాటిస్తున్నామని కంపెనీ వాదించింది. సమ్మె హెచ్చరిక తర్వాత ఆ నెల 26 నుంచి 30 దాకా ఫ్యాక్టరీ మూతపడింది. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందయ్ కార్మికులు 24న పని ఆపి కూర్చున్నారు, అక్కడా కొన్నాళ్లు ఉత్పత్తి ఆగింది. హైకోర్టు ప్రభుత్వాధికారులను ఫ్యాక్టరీకి వెళ్లి చూసి రమ్మంది. జబ్బు భయాన్ని పనిచోటి భద్రతగా కోర్టు ముందుకు తెచ్చిన ఆ కార్మికులంటే నాకు చాలా గౌరవం. అయినా ఒక మాట చెప్పాలి. ఆ వాదనంతా దూరం చుట్టూ తిరిగింది, ఎన్ని అడుగులు, లైను మీద ఎన్ని ఖాళీలు అని. షెడ్డులో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతోంది, తెల్లవారుజామున కార్మికుల్ని ఎక్కించుకుని అద్దాలు బిగించుకుని నడిచే కంపెనీ బస్సుల్లో ఏముంది, క్యాంటీన్ సంగతేమిటి అన్నవి చర్చకు రాలేదు. దూరం దగ్గరి తుంపర్లనుంచి కాపాడుతుంది. మూసిన గదిలో గంటల తరబడి పేరుకునే గాలినుంచి కాపాడదు.

అంతకు ఏడాది ముందు కోయంబేడు కూరగాయల మార్కెట్ కథ నడిచింది. 2020 మే 5న దాన్ని మూసేశారు. అప్పటికే హమాలీల ద్వారా, లారీ డ్రైవర్ల ద్వారా కోవిడ్ తమిళనాడు జిల్లాలకూ, మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ చేరింది. మన పత్రికల్లో కోయంబేడు లింకు అని రోజూ వార్తలు వచ్చాయి. ఆ మూటలు మోసినవాళ్లను జబ్బు మోసుకొచ్చినవాళ్లుగా చూశారు. ఊళ్లకు కూరగాయలు ఆగకూడదని వాళ్లను పనిలో ఉంచింది మనమేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ హమాలీ ఇంట్లో ఎందుకు ఉండలేడన్నది అసలు ప్రశ్న. గాలి ఎంత శుభ్రం చేసినా, జ్వరంతో ఉన్న మనిషి పనికి రాకుండా ఉండగలగాలి. అతను రావడానికి కారణం నిర్లక్ష్యం కాదు, కూలి. ఈఎస్‌ఐ ఉన్న అదృష్టవంతుల సంగతే చూడండి. జబ్బుచేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. క్షయ లాంటి దీర్ఘవ్యాధులకు రెండేళ్ల దాకా 80 శాతం. మంచి ఏర్పాటే. కానీ ఈఎస్‌ఐ నిబంధనల ప్రకారం జబ్బుపడ్డ మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. ఫ్లూ ఎక్కువగా అంటుకునేది లక్షణాలు కనబడ్డ మొదటి రెండు మూడు రోజుల్లోనే. సరిగ్గా మనిషి ఇంట్లో ఉండి తీరాల్సిన రోజుల్లోనే అతని జీతం కోస్తున్నాం. క్షయ విషయంలో ఇది ఇంకా ఘోరం. రెండు వారాలుగా దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలంటారు. ఒక పూట సెలవు పెట్టి ఆసుపత్రికి వెళితే ఆ పూట కూలి పోతుంది, అందుకని వచ్చే వారం, వచ్చే నెల అనుకుంటూ పనిలోనే దగ్గుతుంటారు. మద్రాసు అధ్యయనం ఏ కాలాన్ని ప్రమాదకరమని చూపిందో ఆ కాలాన్ని మన జీతాల పద్ధతి పొడిగిస్తోంది.

కాంట్రాక్టు కూలీకి ఆ మాత్రం కూడా లేదు. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క.నగర్ జోన్ల పారిశుద్ధ్య కార్మికులు తమను ప్రైవేటు కాంట్రాక్టుకు అప్పగించవద్దని కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు దాదాపు రెండు వారాలు కూర్చున్నారు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడినుంచి తరలించారు. దాన్ని జీతాల తగాదాగానే పత్రికలు రాశాయి. జ్వరం వచ్చిన రోజు పనికి రాకుండా ఉండే హక్కు ఉద్యోగ భద్రత ఉన్నవాళ్లకే ఉంటుంది. అందుకే ఆ తగాదాను నేను ఈ నగర ఆరోగ్యానికి సంబంధించిన తగాదాగా కూడా చూస్తాను.

దేశంలో మొదటి సంఘటిత కార్మిక సంఘంగా చెప్పే మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న పెరంబూరులో, బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లు కార్మికులతో పుట్టింది. అదే ఏడాది ఆఖరులో ఇన్‌ఫ్లుయెంజా ఈ ఊరిని ఊపేసింది. వంద ఏళ్ల తర్వాత కూడా యూనియన్ల చార్టరులో జీతం, బోనస్, క్యాంటీన్ ఉంటాయి, గాలి ఉండదు. ఈసారి చర్చలకు కూర్చునేటప్పుడు మూడు విషయాలు రాయించుకోవాలి. ప్రతి మనిషికీ సెకనుకు 10 లీటర్ల తాజా గాలి, షెడ్డులో, క్యాంటీనులో, స్టాకు గదిలో, బస్సులో, కంపెనీ హాస్టల్లో. జబ్బు మొదటి రోజు నుంచే పూర్తి జీతంతో సెలవు, కాంట్రాక్టు వాళ్లకూ, ఇన్సెంటివ్ కోయకుండా. మూడోది కార్బన్ డయాక్సైడ్ మీటరు. అది హెచ్.ఆర్. గదిలో కాకుండా లైను పక్కనే, పనిచేసేవాళ్ల కళ్లకు ఎదురుగా ఉండాలి. అంకె 1,000 దాటితే ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేయాలో ఒప్పందంలో ఉండాలి. అది జరగకపోతే పని ఆపే హక్కు కార్మికులకు ఉంటుందని కూడా అదే పేజీలో రాసి సంతకాలు చేయించుకోవాలి.